దవాఖాన సిమ్ ఎక్కడుందన్నా?

మాది హనుమకొండలో మేడ మీద ఒక చిన్న ఆఫీసు. బట్టల షాపులు, కోచింగ్ సెంటర్లు, దవాఖానలు తమ వాళ్లకు పంపే మెసేజ్‌లు మా దగ్గర నుంచే పోతాయి. "మీ బ్లౌజు కుట్టడం అయిపోయింది", "మీ అబ్బాయి ఈరోజు క్లాసుకు రాలేదు", "మీ రిపోర్టు తయారుగా ఉంది". పొద్దున లేచి మీరు విసుక్కుంటూ చెరిపేసే వాటిలో సగం నేను రాసినవే. దానికి నేనేం బాధపడను, నేను కూడా పక్క కంపెనీ వాళ్లవి అలాగే చెరిపేస్తాను.

నాకు పుట్టుకతోనే కంగారు ఎక్కువ. గ్యాస్ కట్టేశానా లేదా అని చౌరస్తా దాకా వచ్చి మళ్లీ ఇంటికి వెళ్లిన రోజులు ఉన్నాయి. అలాంటిదాని నెత్తిన ఈ సిమ్ నియమం వచ్చి పడింది. ఏ నంబర్‌తో చాట్ యాప్ తెరిచారో ఆ సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, లేకుంటే గడువు దాటాక యాప్ నడవదు. కంప్యూటర్‌లో తెరిచి పెట్టుకున్నది కూడా కొన్ని గంటలకోసారి దానంతటదే మూసుకుంటుంది. మోసాలు ఆపడానికి పెట్టారు, మంచిదే. కానీ మా కస్టమర్లలో తమ సిమ్ ఎక్కడుందో తెలిసినవాళ్లు చాలా తక్కువ.

నెల రోజులుగా నా పని ఒకటే, ఫోన్ చేసి "మీ సిమ్ ఎక్కడుంది?" అని అడగడం. "యాడుంటే ఏంది మేడం, మెసేజ్‌లు పోతానయి గదా" అని జవాబు. ఒక చీరల షాపు సిమ్ ఓనరు బావమరిది ఫోన్‌లో ఉంది, ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఒక కోచింగ్ సెంటర్ సిమ్ అక్కడ మానేసి ఎదురుగా ఇంకో కోచింగ్ పెట్టిన మాస్టారి పేరు మీద ఉంది. రాయబారాలు నడిపి, కాగితాలు మార్పించి, ఒక్కొక్కరినే ఒడ్డున పడేశాం. పెద్ద షాపులను ఫోన్‌తో పనిలేకుండా మా కంప్యూటర్ల నుంచే మెసేజ్‌లు పోయే కంపెనీ పద్ధతిలోకి మార్చాం. దానికి కూడా ముందు పాత నంబర్‌కు వచ్చే కోడ్ కావాలి. అంటే ఎటు తిరిగినా సిమ్ దొరకాల్సిందే.

డయాలసిస్ సెంటర్ ఒక్కటి మిగిలిపోయింది. అక్కడి రిసెప్షన్ సిస్టర్‌ను ఎప్పుడు అడిగినా "మంచిగనే నడుస్తాంది, ఫికర్ చేయకుండ్రి" అనేది. ఒక పొద్దున ఆమే ఫోన్ చేసింది.

"మేడం, యాప్ బందయింది. తెరుస్తలేదు. సిమ్ పెట్టుమంటాంది."

"పెట్టండి మరి."

"ఫోన్ల సిమ్ లేదు మేడం. గిన్ని రోజులు వైఫై మీద నడిచింది."

నాకు ఒళ్లు మండింది. అయితే మండటానికి కూడా తీరిక లేదని తర్వాతి మాటతో తెలిసింది. డయాలసిస్‌కు నీటిని శుద్ధి చేసే ప్లాంటు చెడిపోబోతోందట. రేపూ ఎల్లుండీ మూసి బాగు చేయాలి. రేపు రావాల్సిన వాళ్లంతా ఈరోజు సాయంత్రమే రావాలి. సిస్టర్ అందరికీ ఫోన్లు చేసింది, అందరూ సరేనన్నారు, ఒక్క అవ్వ తప్ప.

ఆ అవ్వ గొంతు నాకు తెలుసు. ఏటూరునాగారం అవతల ఒక పల్లె. చదువు రాదు, వాయిస్ మెసేజ్‌లే పెడుతుంది. వాళ్ల సెంటర్ మెసేజ్‌లు సర్దుతున్నప్పుడు నేను విన్నాను. "బిడ్డా, అన్నం తిన్నవా" అని సెంటర్ నంబర్‌ను పలకరించి గానీ అసలు సంగతికి రాదు. ఊళ్లో సిగ్నల్ ఉండదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకసారి రోడ్డు మీదికి నడిచి వచ్చి, దవాఖాన నుంచి ఏమైనా వచ్చిందా అని విని వెళుతుంది. ఈ వాయిదా తప్పితే మళ్లీ మూడో రోజు దాకా ఆగాలి. పోయినసారి అలా తప్పినప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, పడుకోలేక రాత్రంతా కూర్చునే ఉందని సిస్టర్ చెప్పింది. చెబుతూ గొంతు తగ్గించింది.

సిస్టర్ తన సొంత ఫోన్ నుంచి చేస్తే, తెలియని నంబరని అవ్వ ఎత్తకుండానే కట్ చేసింది. అవ్వ దవాఖాన కార్డు మీద ఉన్న రెండో నంబర్ కొడుకుది. అతను లారీ మీద ఎక్కడో ఉన్నాడు, ఫోన్ కలవడం లేదు. నేను వెంటనే మా ఆఫీసు నుంచి ఒక కొత్త నంబర్ తీసి, దవాఖాన పేరు పెట్టి, నా గొంతుతోనే నిదానంగా, మర్యాదగా ఒక వాయిస్ పంపాను. అవ్వ అప్పటికి ఇంకా రోడ్డు మీదే ఉన్నట్టుంది. జవాబు వచ్చింది.

"నువ్వెవరో నాకు తెల్వది. మా దవాఖానోళ్లు గీ ఒక్క నంబర్ తప్ప ఇంకేదీ నమ్మొద్దని చెప్పిండ్రు. మల్ల నాకు పెట్టకు. దొంగతనం జేసి బతుకుడు మంచిగుండదు."

తర్వాత బ్లాక్ చేసింది. నమ్మొద్దని చెప్పింది మేమే. దవాఖాన పేరుతో ఎవరో కోడ్‌లు అడుగుతున్నారని తెలిసి, మేము మాట రాసిస్తే సిస్టర్ చదివి అందరికీ పంపింది. ఇంత బాగా పనిచేసిన మెసేజ్ నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

సెంటర్‌కు పరుగెత్తాను. సొరుగులు, బీరువాలు, పాత మందుల డబ్బాలు అన్నీ బోర్లించాం. అప్పుడు వీల్‌చైర్ తోస్తూ వచ్చిన అటెండర్ అన్న సంగతేమిటని అడిగాడు. దవాఖాన సిమ్ ఎక్కడుందో తెలుసా అన్నా అని నేను అడిగాను. ఆయన ముఖం పాలిపోయింది.

"మేడం, జర కోపం జేయకుండ్రి. గది మా బాయి కాడున్నది."

"బావి దగ్గర ఎందుకుంది?"

"మోటార్ డబ్బాల."

పొలాల్లో మోటార్లకు సిమ్ పెట్టే డబ్బా ఒకటి బిగిస్తారు. ఇంట్లో కూర్చుని ఆ సిమ్‌కు ఫోన్ కొడితే అక్కడ మోటార్ నడుస్తుంది. యాప్ ఒకసారి తెరుచుకున్నాక సిమ్ ఉత్తగనే పడి ఉందని అన్నకు అనిపించింది. సిమ్ తీసుకున్నది కూడా ఆయన పేరు మీదే. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర తన పొలానికి పట్టుకుపోయి డబ్బాలో పెట్టేశాడు. కొత్తలో పేషెంట్లు దవాఖానకు ఫోన్ చేసినప్పుడల్లా ఆయన మోటార్ నడిచిందట. మడి నిండి పక్కవాళ్ల పొలంలోకి నీళ్లు పోయి గొడవైతే, తన నంబర్‌కు తప్ప నడవకుండా పెట్టించుకున్నాడు.

వేరే రోజైతే నవ్వేదాన్ని. ఆరోజు ఏడుపు వచ్చింది. సిమ్ తీసి తెమ్మని ఇంట్లో వాళ్లకు చెప్పమంటే, "మా ఇంటామె ఆ డబ్బా ముట్టది మేడం, కరెంటంటే భయం" అన్నాడు. సెంటర్ ఫోన్‌ను సంచిలో వేసుకుని ఆయన బండి వెనక ఎక్కాను. దారి పొడవునా మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోతుందేమోనని ఒకటే గుబులు. అవ్వ త్వరగా తినే మనిషా, నిదానంగా తినే మనిషా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అన్న వెనక్కి తిరగకుండానే "అవ్వకేం గాదు గదా మేడం" అని అడుగుతూ వచ్చాడు. ప్రతిసారీ ఏం కాదన్నాను, నాకేదో తెలిసినట్టు.

మేం వెళ్లేసరికి మోటార్ నడుస్తోంది, వరి మడికి నీళ్లు పారుతున్నాయి. అన్న కరెంటు తీసేసి డబ్బా విప్పాడు. లోపలంతా చీమలు. సిమ్‌ను గోటితో లాగి, నా చున్నీతో తుడిచి, ఫోన్‌లో పెట్టాం. సిగ్నల్ ఒక గీత వచ్చింది, పోయింది. నేను గట్టు మీద ఫోన్ పైకెత్తి అటూ ఇటూ నడిచాను. కోడ్ వచ్చింది. యాప్ తెరుచుకుంది. ఇక మాట్లాడటమే అనుకుని నోరు తెరిచి ఆగిపోయాను. నా గొంతు వింటే ఆమె ఇది కూడా దొంగల నంబరే అనుకుంటుంది!

ఫోన్ అన్న చేతిలో పెట్టాను. ప్రతి వాయిదాకు ఆమెను మంచం దాకా నడిపించేది ఆయనే. ఆయన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడాడు.

"అవ్వా, నేను. నీ చెప్పులు మంచం కింద పెట్టేటోన్ని. రేపు మిషిన్ బందున్నది. ఇయ్యాల్నే రా. బస్సెక్కు అవ్వా."

ఒక టిక్కే పడింది, అంటే అవ్వకు ఇంకా చేరలేదు. ఇద్దరం గట్టు మీద కూర్చుని దాన్ని చూస్తున్నాం. అవ్వ ఈపాటికి వచ్చి వెళ్లిపోయి ఉంటే? రాత్రి పక్కన ఎవరూ లేకుంటే? అన్న లోపల ఏదో మొక్కుకుంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి. రెండో టిక్ పడ్డప్పుడు ఆయన నా భుజం పట్టుకుని, వెంటనే వదిలేసి, "సారీ మేడం" అన్నాడు. కాసేపటికి అవ్వ గొంతు వచ్చింది.

"బిడ్డా, అన్నం తిన్నవా? బస్సు కాడికే పోతాన."

తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం ఆమె వచ్చేదాకా నేను సెంటర్ గుమ్మంలోనే ఉన్నాను. ఆ సిమ్‌ను సెంటర్ పేరు మీదికి మార్చే కాగితాలు నింపుతున్నానని అందరికీ చెప్పాను కానీ, నిజానికి ఆమెను కళ్లారా చూస్తే తప్ప నా ప్రాణం కుదుటపడదు. అనుకున్నదానికన్నా చిన్న మనిషి. పాదాలు వాచి ఉన్నాయి, అన్న చెయ్యి పట్టుకుని నడుస్తోంది. నా దగ్గర ఆగింది.

"గీ బిడ్డ ఎవరు?"

నేను నోరు విప్పలేదు, గొంతు గుర్తుపడుతుందని. అన్న నా వైపు చూశాడు.

"మన దవాఖాన మనిషే అవ్వా. జలుబు జేసి గొంతు పోయింది."

"అయ్యో" అని అవ్వ నా చెయ్యి పట్టుకుంది. తర్వాత దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా చెప్పింది. "నీ ఫోన్ల జర పైలం బిడ్డా. పొద్దుగాల ఒక ఆడమనిషి మన దవాఖాన పేరు జెప్పి నన్ను పిలిచింది. గొంతు ఎంత మంచిగున్నదో! జరైతే నేనే నమ్మి మోసపోయేదాన్ని."

నేను తల ఊపాను.