చిక్కం కట్టిన దూడలు

1954 డిసెంబరు మొదటి వారంలో కోయిలకుంట్ల తాలూకాలోని ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జనుగా చేరాను. మద్రాసులో చదువు ముగించుకుని నేరుగా వచ్చిన కొత్త ఉద్యోగిని. హోదా పేరు పొడుగే గాని, ఆసుపత్రి అంటే రెండు గదులు, పశువును కదలకుండా నిలబెట్టే కొయ్య చట్రం, నా కింద ఒక కాంపౌండరు. ఆయన పేరు హుసేన్ సాబ్. మందులు కలపడం, కట్లు కట్టడం ఆయన పని. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైనా నేను కూర్చోమంటే తప్ప కూర్చునేవాడు కాదు.

ఆ రోజుల్లో మా శాఖ కళ్లన్నీ ముసర రోగం మీదే. నోటిపుండ్లు, జ్వరం, విరేచనాలతో మందలకు మందలను తుడిచిపెట్టేది. నెలనెలా పైకి పంపే నివేదికలో మొదటి పేజీ దానిదే. దూడల పారుడుకు చివరి పేజీలో ఒక గడి ఉండేది, దాన్ని నింపకపోయినా ఎవరూ అడిగేవారు కాదు.

చలి ముదిరాక కుందూ ఒడ్డున ఒక ఊళ్లో వారం పది రోజుల దూడలకు పారుడు పట్టుకుంది. పచ్చగా, నీళ్లలా పోయేది. మొదటి దూడ నాగిరెడ్డి అనే రైతుది. నోరు తెరిచి చూశాను, పుండ్లు లేవు. జ్వరం లేదు. తల్లి శుభ్రంగా మేస్తోంది. ముసర కాదని తేలింది, నా ప్రాణం కుదుటపడింది. భయం లేదని రైతుకు చెప్పి, సల్ఫా పొడి, కాచు, సుద్ద కలిపి తేనెతో నాకించమని ఇచ్చి వచ్చేశాను. రెండో రోజుకు దూడ చచ్చింది. ఆ తరువాత అదే ఊళ్లో మరి రెండు దూడలు, అదే మందు, అదే ఫలితం.

ఇలాంటి పారుడు తెచ్చేవాటిలో కరోనా జాతి వైరస్ ఒకటని చాలా ఏళ్ల తరువాత తేలింది. మేం చదువుకున్న పుస్తకాల్లో ఆ పేరే లేదు. ఆ ఊళ్లో వచ్చింది అదేనని ఇప్పుడు కూడా నేను ప్రమాణం చేయలేను, పరీక్షించే దారి లేదప్పుడు. ఆ వైరస్‌ను సూటిగా చంపే మందు ఇప్పటికీ లేదు. కారణం ఏదైనా, ఒంట్లోంచి పోయిన నీటిని తిరిగి ఒంటికి చేర్చడమే అసలు వైద్యం.

మూడు దూడలు పోయేసరికి ఊళ్లో నా హస్తవాసి మీద మాట పుట్టింది. అప్పుడే సుబ్బమ్మ అనే ముసలామె నుంచి కబురొచ్చింది. కూతురు కాన్పులో పోయింది. మూడు నెలల మనవడు ఈమె ఆవుపాల మీదే బతుకుతున్నాడు. మా నాటు ఆవులు దూడ కుడిస్తే గాని పాలు చేపవు. దూడలు పోయిన ఆ మూడు ఆవులూ పాలు బిగబట్టాయి. నాగిరెడ్డి తన దూడ తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెడితే అది రెండు పూటలు మోసపోయి, మూడో పూట తన్నింది. ఇక ఊళ్లో పాలమీద ఉన్నది సుబ్బమ్మ ఆవొక్కటే. ఇప్పుడు దాని దూడకూ పారుడు.

హుసేన్ సాబ్, నేను చెరొక సైకిల్ మీద వెళ్లాం.

"నువ్వు చెయ్యేసిన దూడ బతకలేదంటాండారప్పా," అంది సుబ్బమ్మ, మొహమాటం లేకుండా. "అయినా యాడికి పోదును? చూడు."

దూడ కళ్లు గుంతలు పడ్డాయి. మెడ మీద చర్మం పట్టి లాగితే మడత అలాగే నిలబడింది. సుబ్బమ్మ చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. లేవలేని ఆ దూడ తల చాచి, మూతికి కట్టిన తాడు చిక్కంలోంచే తడి కొంగును నాకబోయింది.

చిక్కం నాకు కొత్త కాదు. మాది కోడుమూరు దగ్గర సేద్యపు ఇల్లు. దూడ మన్ను తినకుండా మా ఇంట్లోనూ కట్టేవాళ్లం. అంతకు ముందు చచ్చిన మూడు దూడలకూ చిక్కాలు చూశాను. చూసి, నాకు తెలిసిందే కదా అని ఊరుకున్నాను. ఈసారి అడిగాను: "అవ్వా, ఇదెప్పుడు కట్టినావు?"

"పారుడు మొదలైనప్పుడే కట్టినా. నీళ్లు తాగితే ఇంకా పారతాది గదప్పా. ఊర్లో అందరూ ఇట్లే చేస్తాండారు."

చిక్కం ఊడదీశాను. హుసేన్ సాబ్ నీళ్లు గోరువెచ్చగా కాచి, చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లం వేశాడు. నేను చెంబు ఎత్తగానే సుబ్బమ్మ నా చేయి పట్టుకుంది.

"సంపుతావా ఏంది దాన్ని?"

"లోపలుండే నీళ్లన్నీ పోతాండాయి అవ్వా. పోయింది మళ్లా పొయ్యకపోతే అది బతకదు. పారితే పారనీ, తాగనీ."

ఆమె మనవడి ఉయ్యాల వైపు ఒకసారి చూసింది. చేయి వదిలింది. ఒక చెంబు తాగించి, కాసేపాగి మరొకటి తాగించాం. సాయంత్రానికి దూడ మూత్రం పోసింది. ఒంట్లో నీరు నిలబడుతోందనడానికి అదే గుర్తు. పారుడు మరి రెండు రోజులు సాగింది, నేను వెళ్లిన ప్రతిసారీ సుబ్బమ్మ నన్ను గుర్రుగానే చూసింది. మూడో రోజు దూడ లేచి తల్లి పొదుగు కింద దూరింది. ఆవు చేపింది. ఆమె ఏడుస్తూనే పాలు పిండింది.

తిరిగి వస్తూ, ముందు దూడల చిక్కాలు గమనించారా అని హుసేన్ సాబ్‌ను అడిగాను. "చూసినా సార్. అవి ఎందుకు కట్టినారో కూడా ఎరుకే. మీరూ చూస్తిరి గదా, మీకు తెలిసే ఉంటాదనుకున్నా," అన్నాడు. డాక్టరు కళ్లముందున్నదాన్ని కాంపౌండరు ఎత్తి చూపడం ఆ రోజుల్లో అమర్యాద. తప్పు ఆయనది కాదు. ఆ రోజు నుంచి ఆయన్ను అడగకుండా నేను మందు రాయలేదు.

మరునాడు ఆ మూడు ఇళ్లకూ వెళ్లి, నీళ్లు ఆపకుండా ఉంటే దూడలు బతికి ఉండేవేమో, అడగకపోవడం నా తప్పేనని చెప్పాను. నాగిరెడ్డి తల దించుకుని అన్నాడు: "పొయ్యేముందు శానా అరిచింది సార్. నీళ్ల తొట్టి దిక్కే ఈడ్చుకోని పోతాంటే, నేనే ఎనక్కి లాగి కట్టేసినా."

నేను చెప్పకపోతే ఆయనకు ఆ బాధ ఉండేది కాదు. అయినా చెప్పాలి. వచ్చే ఈతకు ఆ కొట్టంలో మళ్లీ దూడ ఉంటుంది.