పిల్లోళ్ళు పండిన రోజు

పట్టుపురుగులను మా ఆవిడ ఎప్పుడూ పురుగులనదు. కుప్పం దగ్గర ఆమె పుట్టింట్లో వాటిని ‘పిల్లోళ్ళు’ అంటారు. పురుగని పిలిస్తే అలిగి గూడు కట్టవని వాళ్ళ అవ్వ చెప్పేదట. కుబుసం విడిచే ముందు అవి మేత మాని, తలలెత్తుకుని కదలకుండా ఉండిపోతాయి. దాన్ని మా వైపు రైతులు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటిన పురుగే పట్టు కడుతుంది.

నేను బస్సు డిపోలో రిటైరయ్యాక పుంగనూరు పక్కన మా ఊరి చేనికి వచ్చేశాం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ క్వార్టర్లలో బతికినవాళ్ళం, పురుగులు పెంచాలన్న ఆమె కోరిక అక్కడ తీరేది కాదు. వచ్చీ రాగానే మల్బరీ నాటించింది, షెడ్డు వేయించింది. మొదటి పంట పాలరోగంతో పోయింది. పురుగులు ఉబ్బి, పగిలి, పాలలాంటి నీరు కారి చచ్చాయి. తట్టలతో మోసి గుంటలో పూడ్చి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ ఆమె అంది:

“ఇంకొక్క తూరి సూస్తా. అదీ పోతే ఆకు పెరికేసి, చేను టమోటాకు గుత్తకిచ్చేయండి. మల్లా పట్టు మాటెత్తను.”

అన్న మాట మీద నిలబడే మనిషి. అందుకే రెండో పంటకు నేనూ నడుం కట్టాను. డైరీ రాసే అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది కాబట్టి షెడ్డులో వేడి, తేమ చూసి రాసే పని నాకు నేనే పెట్టుకున్నాను. “రాసింది సాలు గానీ ఆకు తెచ్చి ఎయ్యండి. మీ డైరీ తిని పట్టు కడతాయా?” అనేది. షెడ్డు గడప దగ్గర సున్నం చల్లాం. ఘాటు వాసనలు పురుగులకు పడవని, తలలో పూలున్నా, ఒంటికి సెంటున్నా, ముక్కుపొడి వాసన తగిలినా ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు.

నాలుగో జ్వరం నడుస్తుండగా బి.కొత్తకోట నుంచి మా అక్క ఫోన్ చేసింది. వాళ్ళది వేరుశనగ సేద్యం. పట్టు సంగతి తెలియదు, చెవులు కూడా కాస్త మందం. ఇంట్లో అలవాటైన ధోరణిలోనే నేనూ చెప్పాను:

“పిల్లోళ్ళకు నాలుగో జెరం అక్కా. ఏమీ తినడంలే. ఇప్పుడెవరూ రావద్దు.”

“అయ్యో” అని పెట్టేసింది. జ్వరం దిగింది. ఆ తర్వాత వాటి ఆకలి చూడాలి! షెడ్డులో ఆకు నమిలే చప్పుడు మా వసారాలోకి వినపడేది. ఇద్దరం ఆకు కోయడం, మోయడం, వేయడం తప్ప వేరే లోకం ఎరగలేదు.

ఒక పొద్దున ఆవిడ ఒక పురుగును వెలుతురుకు ఎత్తి చూసి నన్ను కేకేసింది. దాని ఒళ్ళు ద్రాక్షపండులా తేటబడింది. అంటే పండింది, ఇక గూడు కట్టడానికి సిద్ధమన్నమాట. పండినదాన్ని వెంటనే ఏరి చంద్రిక మీద వేయాలి. చంద్రిక అంటే వెదురు దబ్బలతో చుట్టలు చుట్టలుగా అల్లిన పెద్ద చాప, గూడు కట్టే చోటు. ఆలస్యమైతే మేత చెత్తలోనే కట్టేస్తాయి, మచ్చపడిన ఆ గూళ్ళు ఎవరికీ పనికిరావు. చూస్తే తట్టల్లో అన్నీ పండినవే. అన్నీ ఒకేసారి పండడం మంచి పంటకు గుర్తు. కానీ ఏరడానికి వస్తామన్న ఆడవాళ్ళు ఆ పొద్దునే టమోటా కోతకు వెళ్ళిపోయారు. ఆవిడ అప్పటికే తట్ట ముందు కూర్చుని ఏరడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే మళ్ళీ అక్క ఫోన్.

“పిల్లోళ్ళు ఎట్లుండారురా?”

“అందరూ పండినారక్కా! మేమిద్దరమే ఉండాం, కాళ్ళూ సేతులూ ఆడడంలే” అని పెట్టేశాను.

మా సీమలో పండుకోవడమంటే పడుకోవడం. అక్క చెవికి ‘పండినారు’ కాస్తా ‘పండుకున్నారు’ అయింది. మా మనవళ్ళు సెలవులకు వచ్చి మంచం పట్టారనుకుంది. కొడుకునూ ఇద్దరు కోడళ్ళనూ టెంపోలో ఎక్కించుకుని వచ్చి మా వాకిట్లో దిగింది. చేతిలో గంజి క్యారియరు, నుదుటి నిండా తలనొప్పి తైలం.

“యాడుండారురా పిల్లోళ్ళు? ఏ ఆస్పత్రిలో ఏసినారు?”

మా ఆవిడ షెడ్డులోంచి తట్టతో వచ్చింది. “ఆస్పత్రి యాలొదినా? సూడు, ఎంత సక్కంగా పండినారో!”

అక్క తట్టను చూసింది, నన్ను చూసింది. “పురుగులా? పురుగులకా నేను గంజి కాసుకోనొచ్చింది?”

“పురుగులనొద్దు వదినా, అలుగుతాయి.”

“అలగనీ! మరి నేనలగనా? మదనపల్లె దాటేదాకా కండ్లల్లో నీళ్ళేనే నాకు!”

కోడళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆవిడకు నవ్వే తీరిక కూడా లేదు. “రేపంతా అలుగుదువులే వదినా. ముందా తైలం కడుక్కోనిరా. పొద్దు గూకేలోగా అన్నిట్నీ చంద్రికలెక్కించాల.”

అక్క సణుగుతూనే సబ్బుతో ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. వేరుశనగ విత్తనాలు ఏరి ఏరి అరిగిన వేళ్ళవి. ఒక్క పురుగూ నలగకుండా టకటకా ఏరుతుంటే మా ఆవిడ రెప్ప వేయలేదు. “ఎడం ఎడంగా ఎయ్యి వదినా. పక్కపక్కనుంటే రెండూ కలిసి ఒకే గూడు కడతాయి, దాంట్లో దారం తీసేకి రాదు.”

“కాపరం సేసుకుంటామంటే యాలమ్మే విడదీస్తావు?” అంది అక్క. షెడ్డంతా నవ్వింది. రోగులకని తెచ్చిన గంజిని మధ్యాహ్నం మేమే నిలబడి తాగాం. పొద్దు వాలేసరికి తట్టలు ఖాళీ. వసారా పొడవునా చంద్రికలు గోడకు ఆనుకుని నిలబడ్డాయి. చుట్టల మధ్య ప్రతి అరలో ఒక తల అటూ ఇటూ ఊగుతూ దారం వదులుతోంది. మా ఆవిడ వాటి ముందు కూలబడి, అంత అలసటలోనూ కిందినుంచి పైదాకా మళ్ళీ మళ్ళీ చూసుకుంది.

కొన్ని రోజులకు గూళ్ళు గట్టిపడ్డాక, వాటిని చంద్రికల నుంచి విడదీసి మదనపల్లె మార్కెట్టుకు తీసుకెళ్ళాం. పట్టు తీసే వ్యాపారి, తెల్లగడ్డం పెద్దాయన, గుప్పెడు గూళ్ళు తీసి నొక్కాడు. వేలు దిగలేదు. ఒకదాన్ని చెవి దగ్గర ఆడించాడు. గలగలమంది.

“అరె, రాయిలాగుండాది సూడు. జంటగూడే లేదు. ఎవరిదప్పా ఈ మాలు?” అని నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా ఆవిడ కొంగు బిగించి నా ముందుకు వచ్చి నిలబడింది.

“నాది” అంది. ఆ వరుసలో గూళ్ళు పోసుకున్న రైతులంతా తలలు తిప్పి చూశారు.

బస్సెక్కే ముందు మూడో పంటకు పట్టుగుడ్లు కావాలని చెప్పి వచ్చాం.