పదో ప్రశ్నకి జవాబు

దెయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో తెలుగు టీచరుగా ఇరవై ఏళ్లు చేశాను. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే సాక్ష్యం ఏదని అడిగి నోరు మూయించేదాన్ని. ఇప్పుడు నా దగ్గరే సాక్ష్యం లేదు. ఎందుకు లేదో చెబుతాను.

తొంభైల మొదట్లో సంగతి. క్యాన్సర్‌తో రొమ్ము తీసేసిన ఆడవాళ్లకి పొట్ట దగ్గరి కండతో మళ్లీ రొమ్ము కట్టే డాక్టరుగారొకరు కలకత్తాలో ఉండేవారు. ఆపరేషన్ తర్వాత వాళ్లు ఎలా బతుకుతున్నారో, తృప్తిగా ఉన్నారో లేదో తెలుసుకోవాలని పది ప్రశ్నల కాగితం తయారుచేశారు. దాన్ని తెలుగు చేసి, మా ఊళ్లో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లకి వెళ్లి జవాబులు రాసుకొచ్చే పని నాకు అప్పగించారు.

ఒక ఆదివారం పొద్దున వాళ్లలో ఒకరైన అప్పలనర్సమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకి చదువు రాదు. భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. కుర్చీ లాక్కుని మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. నేను ప్రశ్న చదవడం, ఆమె తల వంచుకోవడం, ఆయన జవాబు చెప్పడం.

"అంతా బాగున్నాది టీచరమ్మా. దీనికింకేటి కావాల? రాసీండి."

ఆయన్ని కాసేపు బయటికి వెళ్లమనాలనిపించింది. మొహమాటం అడ్డొచ్చింది. తొమ్మిదింటికీ 'తృప్తి' అని రాశాను. పదోది, ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అని. ఆమె ఒక్కసారి నా వైపు చూసి పైట సర్దుకుంది. ఆ గడి ఖాళీగా వదిలి, కాగితం సంచిలో పెట్టుకుని నేరుగా ఇంటికొచ్చాను.

భోజనం చేసి సరిచూద్దామని తీస్తే పదో గడి నిండి ఉంది.

"గంజి వారుస్తుంటే మీద పడ్డాది. ఆపరేషన్ సేసినకాడ నాకేటీ తెలవదు, కాలినా తెలీనేదు. పుండు మాననేదు. ఈయనకి సెప్పకండి."

చేతిరాత నాది. సిరా నాది. కొమ్ములు పొడుగ్గా లాగే అలవాటూ నాదే. మాట మాత్రం ఆమెది.

తర్వాత నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎండలో నడిచొచ్చి మతి లేకుండా ఏదో రాసుంటానని నన్ను నేనే కోప్పడ్డాను. మళ్లీ వెళ్లి అడుగుదామంటే భర్త ముందు ఎలా అడగడం? పైగా డాక్టరుగారికి శుభ్రమైన కాగితాలు పంపాలని నా పట్టుదల. ఇంకో కాగితం తీసి తొమ్మిది తృప్తులూ ఎక్కించాను. పదోది ఖాళీగా ఉంచాను. మొదటిదాన్ని చింపి పొయ్యిలో వేశాను.

రెండు నెలలకి ఆమె పోయింది. పలకరించడానికి వెళ్తే భర్త గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు.

"గంజి పడ్డాదంట టీచరమ్మా. పుండు సీము పట్టి ఒళ్లంతా పాకీసినాది. ఆస్పత్రిలో ఆకర్న సెప్పినాది. అంతవరకూ ఎవులికీ ఒక్క ముక్క సెప్పనేదు."

నాకు చెప్పింది. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

డాక్టరుగారి దగ్గర అప్పలనర్సమ్మ తృప్తిగా ఉన్నవాళ్ల కట్టలోనే ఉండిపోయి ఉంటుంది. ఎన్ని విధాల ఆలోచించినా ఆ గడి ఎలా నిండిందో నాకు అంతుపట్టలేదు. రాసింది ఎవరో చెప్పలేను. చింపింది మాత్రం నేనే.