పొదిలిలో వదిలేసి వచ్చిన హిట్

మా జిల్లాల్లో బేస్‌బాల్ ఆడేవారని చెబితే ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. క్రికెట్ రానివాళ్ళు ఆడుకునే ఆట అని మా మేనమామ తీర్మానం. ఆయన నవ్వినా ఏడ్చినా, తొంభైల చివర్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో నాలుగైదు జట్లు ఈ ఆటను ప్రాణం పెట్టి ఆడాయి. నేను గుంటూరు కాలేజీ జట్టులో ఉండేవాణ్ణి. ఉండేవాణ్ణి అంటే, తొమ్మిదోవాడు దొరకనప్పుడు నాకు కబురొచ్చేది. ఆటలో అరటిపండును. ఆ అరటిపండు మొత్తం మీద కొట్టిన హిట్ ఒక్కటే. అది పర్చూరు జట్టులో బంతి విసిరే పిచ్చర్ కోటేశ్వరరావు మీద కొట్టింది కాబట్టి పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, చివరికి పెళ్ళిచూపుల్లో కూడా చెప్పుకున్నాను. ఆ కోటేశ్వరరావుకి బాగా లేదని, పొదిలి దగ్గర అత్తగారి ఊళ్ళో మంచాన ఉన్నాడని పోయిన నెల తెలిసింది. ఆనాటి ఆటగాళ్ళ గురించి ఈ బ్లాగులో రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. ముందు ఆయన్ని చూసి రావాలనిపించింది.

గుంటూరు నుంచి ప్రత్తిపాడుకి ఆర్డినరీ బస్సులో వెళ్ళాను. పొద్దున్నే బయలుదేరితే సీటు దొరుకుతుంది, ఆలస్యమైతే మిర్చి యార్డు నుంచి వెనక్కి వెళ్ళే రైతులతో నిలబడాలి. ప్రత్తిపాడు సెంటర్లో ఒక బాడుగ కారు నాకోసం ఆగి ఉంది. ఆ కారు నడిపే మనిషి పర్చూరు జట్టులో థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌కి నిలబడేవాడు. ఆయన పేరు ఇక్కడ రాయను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. ఆయనా కోటేశ్వరరావూ ఒకే ఊరివాళ్ళు, ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. పొదిలి దాకా రాగలరా అని ఫోన్లో అడిగినప్పుడు బాడుగ సంగతి ఎత్తలేదాయన.

"డీజిలు మీరు కొట్టించండి చాలు. నేను కూడా వాడికి ఒక మాట చెప్పాలండి. వాడు ఉండగానే చెప్పాలి" అన్నాడు.

దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కొత్తవాళ్ళకి అది ఫోటో తీసుకునే ఎరుపు. నాకు మాత్రం ముక్కు మండింది, పాత ఆటలు గుర్తొచ్చాయి. పర్చూరు జట్టు మైదానం మిరప కల్లాల పక్కనే ఉండేది. గాలి తిరిగిందంటే బయటి జట్టు వాళ్ళు తుమ్ముకుంటూ బ్యాట్ పట్టుకునేవాళ్ళు, వాళ్ళు మాత్రం పన్నీరు జల్లినట్టు హాయిగా నిలబడేవాళ్ళు. ఆ జట్టు సొంత మైదానంలో ఓడినట్టు నాకు గుర్తు లేదు. చీరాల జట్టులో అందరూ నేతపని వాళ్ళ పిల్లలే. బంతి కుట్టు ఊడితే ఆట ఆపి, జేబులోంచి సూదీ దారం తీసి, అక్కడే కుట్టేసి మళ్ళీ ఆడేవాళ్ళు. పొదిలి జట్టులో ఒకడు బంతి కొట్టకముందే చెప్పులు చేత్తో పట్టుకుని తర్వాతి బేస్‌కి పరిగెత్తి బేసులు దొంగిలించేవాడు, వాడిని అవుట్ చేసిన క్యాచర్ని నేను చూడలేదు. వీళ్ళ రికార్డులు ఎవరూ దాచలేదు, చూసినవాళ్ళ నోళ్ళలోనే మిగిలాయి.

అందరిలోకీ కోటేశ్వరరావు వేరు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టల్ని తోలినవాడు. రాయిని తల చుట్టూ తిప్పి వదిలే ఆ ఊపు బంతిలోకి కూడా వచ్చింది. మా కాలేజీ జట్టుతో ఆడిన రోజు ఆఖరి ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యే దాకా మాలో ఒక్కడికీ హిట్ ఇవ్వలేదు. ఈ ఆట తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది, బ్యాటర్ తన దెబ్బతోనే బేస్ చేరితే అది హిట్. పిచ్చర్ ఆట మొత్తం ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ముగించాడంటే అది అతని పేరు మీద జీవితాంతం ఉండిపోతుంది. ఫీల్డర్ తప్పు వల్ల ఎవరైనా బేస్ చేరితే దాన్ని ఎర్రర్ అంటారు, పిచ్చర్ లెక్క చెడదు. ఆ రోజు రాష్ట్ర జట్టుకి ఎంపిక చేసేవాళ్ళు షామియానా కింద కూర్చుని చూస్తున్నారు. రాష్ట్రానికి ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఆ పిల్లలందరి ఆశ. అప్పుడు బ్యాట్ పట్టుకుని వెళ్ళిన తొమ్మిదోవాణ్ణి నేను. కళ్ళు మూసుకుని ఊపానన్నది నిజం. బంతి నేల మీద దొర్లుతూ థర్డ్ బేస్ వైపు వెళ్ళింది, అక్కడ నిలబడ్డ ఈ కారాయన పక్క నుంచే దాటిపోయింది. మట్టిగడ్డ తగిలి ఎగిరిందని ఆయన చెప్పాడు. మైకులో హిట్ అన్నారు. తర్వాతి వాడు అవుటయ్యాడు, మేం ఓడిపోయాం. నేను మాత్రం గెలిచినంత సంబరంగా ఇంటికెళ్ళాను.

పర్చూరులో టిఫిన్‌కి ఆగాం. బస్టాండు దగ్గర పాక హోటల్లో పెసరట్టు, అల్లం పచ్చడి బాగుంటాయి, ధర కూడా తక్కువే. పెనం దగ్గరున్న పెద్దావిడని పాత మైదానం ఎక్కడని అడిగాను.

"ఆ బడితెల ఆటేనా? దాని మీద పొగాకు గోడౌను లేచింది బాబూ. ఆ పిల్లలు మా బాగా అరిచేవాళ్ళు. ఒక సన్నపాటోడు రాయి ఇసిరినట్టు ఇసిరేవాడు, ఏమైపోయాడో!" అంది. నా పక్కనున్న మనిషి పెసరట్టు సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

పర్చూరు నుంచి ఇంకొల్లు మీదుగా హైవే ఎక్కి, ఒంగోలు దాటి పడమటికి తిరగాలి. ఒంగోలు దాటాక నేల రంగు మారుతుంది, చెట్లు పలచబడతాయి, నీళ్ళ సీసా లేకుండా వెళ్ళకండి. అక్కడ ఎదురెండలో కారు నడుపుతూ, నా వైపు చూడకుండా, ఆయన మొదలుపెట్టాడు.

"మీ బంతికి గడ్డా తగల్లేదు, పాడూ తగల్లేదండి. ఆ రోజు పొద్దున మా కల్లంలో తాలు మిరపకాయలు ఏరుతున్నాం. ఆటకి టైమైపోయిందని నీళ్ళతో చెయ్యి కడుక్కుని పరిగెత్తుకొచ్చా. ఆఖర్లో చెమట కారుతుంటే కన్ను తుడుచుకున్నా."

నాకు వెంటనే అర్థమైంది. మిరప పట్టిన చెయ్యి ఉత్త నీళ్ళకి లొంగదు. మా వైపు మూడేళ్ళ పిల్లకి కూడా కల్లంలోకి దిగే ముందు చెప్పే మొదటి మాట, కన్ను ముట్టొద్దని.

"బంతి వచ్చేది తెలుసు. కనపళ్ళా. మిరప రైతు బిడ్డని, కల్లంలో పుట్టి పెరిగినోణ్ణి, అంతమందిలో కంట్లో కారం పెట్టుకున్నానని ఎట్టా చెప్పేది? నవ్వుతారని గడ్డ తగిలిందన్నా. ఆ తర్వాత వాడికి సెలెక్షన్ రాలా. పొలం కౌలుకి తీసుకుని పత్తి పెట్టాడు. ఆ పురుగుమందు కొట్టీ కొట్టీ ఇట్టా అయ్యాడు."

ఎర్రర్ అని చెప్పుంటే ఉద్యోగం వచ్చేదా అంటే ఎవరూ చెప్పలేరు, ఎంపికల్లో సిఫారసులు ఎలా నడుస్తాయో అందరికీ తెలిసిందే. ఆ మాటే చెప్పి సముదాయించబోయాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నిజం చెప్పాలంటే నాకు ఆయన మీద జాలి కంటే ముందు కోపం వచ్చింది, అది కూడా కోటేశ్వరరావు కోసం కాదు. నా హిట్ పోయినందుకు. ఆ సంగతి తెలిసి సిగ్గేసింది.

మధ్యాహ్నం దాటాక చేరాం. రేకుల పంచలో నులకమంచం మీద కోటేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. సన్నపాటోడు ఇంకా సన్నబడ్డాడు. కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీదే కూర్చున్నాడు. ఎందుకో మొదట తెలియలేదు. భార్య సుజాత గారు మజ్జిగ తెచ్చినప్పుడు అలవాటున ఆ చెయ్యి బయటికి తీశాడు. గ్లాసు అందుకోలేక చెయ్యి వడవడ వణికిపోయింది. మళ్ళీ దాన్ని తొడ కిందికి తోసేశాడు, ఆవిడే తాగించింది.

"గాలికి ఎదురు నిలబడి మందు కొట్టొద్దంటే వినేవాడు కాదండి. ఈ చేను ఇవాళే అయిపోవాలనేవాడు. డాక్టర్లు నరాలంటున్నారు, ఊపిరితిత్తులంటున్నారు. ఎండాకాలం గడిస్తే చాలు" అంది ఆవిడ, ఆయన వింటుండగానే.

"ఏరా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అన్నాడు కోటేశ్వరరావు స్నేహితుడితో.

స్నేహితుడు మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. కారులో నాకు చెప్పిందంతా చెప్పాడు, ఈసారి ఏడుస్తూ చెప్పాడు. కోటేశ్వరరావు దగ్గు తెరలు ఆపుకుంటూ విన్నాడు.

"ఏ కన్నురా?" అని అడిగాడు చివర్లో.

"కుడి కన్ను."

"కాదు, ఎడమ కన్ను. బంతి వదిలి నీ వైపు తిరిగాగా, చూశాను."

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని ఉండబట్టలేక నేనే అడిగాను.

"నేను చెబితే నా పేరు కోసం చెబుతున్నా అంటారండి. వీడు చెబితే నమ్ముతారు. సాయంత్రం దాకా చూశా, చెబుతాడని. తర్వాత పెళ్ళికొచ్చాడు, అప్పుడూ చూశా."

"ఇప్పుడు చెప్పాగదరా కోటీ" అన్నాడు కింద కూర్చున్న మనిషి.

"ఎవరికి చెప్పావు? నాకా? నాకు తెలిసిందేగా! మైకు దగ్గర చెప్పాల్సింది నువ్వు."

ఆ మాటలో కోపం ఉంది, దాచుకోలేదు. పొద్దు వాలేదాకా ఉన్నాం గానీ నీ తప్పేం లేదులే అన్న మాట కోటేశ్వరరావు నోటి నుంచి రాలేదు. స్నేహితుడు పాదాలు పట్టుకోబోతే కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. మేం లేచి బయలుదేరుతుంటే నన్ను మాత్రం ఆగమన్నాడు. స్నేహితుడు కారు దగ్గరికి వెళ్ళాక అడిగాడు.

"మీరేదో కంప్యూటర్లో రాస్తారంటగా. నలుగురూ చదువుతారా?"

"నలుగురంటే నలుగురేనండి."

"చాలు. మీది హిట్ కాదని రాయండి. మీకు కష్టంగా ఉంటదేమో."

రాస్తానన్నాను.

"వాడి పేరు మాత్రం పెట్టకండి. మిరప నేల మీద పుట్టి కంట్లో కారం పెట్టుకున్నాడంటే ఊరంతా నవ్వుద్ది. కార్ల స్టాండు కాడ తలెత్తుకు తిరగాలి గదా వాడు."

చీకటి పడ్డాక వెనక్కి చేరాం. ప్రత్తిపాడులో దిగేటప్పుడు, తనని పంపించేసి కోటేశ్వరరావు ఏమన్నాడని ఆయన అడిగాడు. నేను చెప్పాను. ఆయన స్టీరింగ్ మీద తల ఆనించి ఉండిపోయాడు. కోటేశ్వరరావు క్షమించాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. క్షమించని మనిషి కూడా పరువు కాపాడతాడని మాత్రం ఆ రోజు చూశాను. ఆ ఆట ఆడిన మైదానం లేదు, ఆ మైకు లేదు, ఎంపిక చేయడానికి వచ్చినవాళ్ళకి ఆ రోజు గుర్తు కూడా ఉండదు. వడిసెల తిప్పిన చెయ్యి గ్లాసు పట్టుకోలేకపోతోంది, దాన్ని బాగుచేసేది నా రాత కాదు. అయినా మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. మా గుంటూరు కాలేజీ జట్టు మీద పర్చూరు జట్టు పిచ్చర్ కోటేశ్వరరావు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. తొమ్మిదో బ్యాటర్ బేస్ చేరింది ఫీల్డర్ ఎర్రర్ వల్ల. ఆ బ్యాటర్ని నేనే. నా పేరు మీద హిట్లేమీ లేవు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. మాఘ ఫాల్గుణాల్లో వెళితే ఎవరో ఒకరు కల్లంలోకి రమ్మంటారు, మీరూ సరదాపడి నాలుగు కాయలు ఏరతారు. ఆ తర్వాత చేతికి ముందు నూనె రాసి, పిండితో రుద్ది, అప్పుడు కడుక్కోండి. ఉత్త నీళ్ళు చాలవు. ఎంత చెమట కారినా సరే, ఆ చేత్తో కన్ను మాత్రం తుడుచుకోకండి.