పళ్లెం ఖాళీ, కడుపూ ఖాళీ

ఆ రోజు పొద్దున చిరాగ్‌పల్లి నా చెప్పుల వంక కన్నెత్తి కూడా చూడలేదు. అప్పుడే అనుమానం వచ్చింది.

చిరాగ్‌పల్లి అంటే ఇక్కడ ఊరు కాదు, కుక్క. ఆ ఊరి దగ్గర హైవే మీద లారీల మధ్య వణుకుతుంటే మా ఆయన బైకు మీద ఎక్కించుకొచ్చాడు. పెంచుకునేవాళ్లు దొరికేదాకా మా ఇంట్లో ఉండే కుక్కలకు పేర్లు పెట్టం, దొరికిన ఊరి పేరుతోనే పిలుస్తాం. పేరున్నది రాణి ఒక్కదానికే. అది మా సొంతం, ముసలిది, మహా గడుసుది.

మా అత్త మార్తమ్మ ప్రార్థన చేయనిదే ఇంట్లో ఎవరినీ మెతుకు ముట్టనివ్వదు. కుక్కలూ అంతే. పళ్లేలు పెట్టి, కళ్లు మూసుకుని, ఆమె "ఆమెన్" అన్నాకే మూతి పెట్టాలి. చిరాగ్‌పల్లి వచ్చిన కొత్తలోనే రాణిని చూసి ఇది నేర్చేసుకుంది.

ఆ రోజు దాని ముక్కులోంచి రక్తం కారింది. ఆటోలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చిగుళ్లు నొక్కి చూసి, చెవిలోంచి ఒక పిడుదును లాగారు. "టిక్ ఫీవర్ లెక్కుందమ్మా. బ్లడ్ టెస్ట్ చేద్దాం" అన్నారు. రిపోర్టు చూశాక, "ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయినయ్. బతుకుతదని ఇప్పుడే చెప్పలేను" అన్నారు.

సెలైన్ ఎక్కించారు, ఇంజెక్షన్లు చేశారు. అది లేచి నిలబడ్డాక టాబ్లెట్లు రాసి, "ఒక్కటి గూడ తప్పొద్దు" అని పంపించారు. పిడుదులు రాణికి అంటకుండా చిరాగ్‌పల్లిని పెరట్లో షెడ్డులో ఉంచాం. మోకాళ్ల నొప్పులతో అత్త అంతదూరం రాలేదు. నేనే టాబ్లెట్‌ను జొన్నరొట్టెలో దాచి, పాలలో నానబెట్టి, దాని ముందు పెట్టి కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. వచ్చి చూస్తే పళ్లెం నాకేసినంత ఖాళీ. ఎంత సంబరమో! మధ్యలో చెంచాతో గంజి పట్టేదాన్ని.

అయినా ఎముకలు తేలాయి. మళ్లీ టెస్ట్ చేస్తే ప్లేట్‌లెట్స్ ఇంకా కిందికే. "మందు పనిచేస్తలేదమ్మా" అన్నారు డాక్టరు. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చేశాను. ఇంటికొస్తే రాణి ఎదురొచ్చింది, ఒళ్లు చేసి నిగనిగలాడుతూ.

నా ఏడుపు చూసి అత్త గోడ పట్టుకుని షెడ్డుకు వచ్చింది. నేను రొట్టె పెట్టాను. ఆమె కుక్క తల మీద చెయ్యి వేసి, "ప్రభువా, నోరు లేని జీవి. జర దయ చూడు. ఆమెన్" అంది.

ఆ మాట వినడంతోనే కుక్క తూలుతూ లేచి పళ్లెంలో మూతి పెట్టింది!

"ఓసినీ! గిన్ని దినాలు నా మాట కోసం కూసున్నదానే?" అంది అత్త.

మరి ఇన్నాళ్లూ పళ్లెం ఖాళీ చేసిందెవరో తేల్చుకోవాలని మర్నాడు పళ్లెం పెట్టి, తడిక సందులోంచి ఇద్దరం తొంగి చూశాం. చిరాగ్‌పల్లి రొట్టె వంక చూస్తూ బుద్ధిగా కూర్చుంది. రాణి వెనక సందులోంచి దూరి వచ్చింది, అటూ ఇటూ చూసింది, మందుతో సహా ఊడ్చేసింది. రాణికి ఆమెన్ నియమం అత్త ఎదురుగా ఉన్నప్పుడే!

సంగతి చెబితే డాక్టరు పగలబడి నవ్వారు. "రాణికేం గాదు గని, ముందుగాల పేషెంటుకు తినిపియ్యున్రి!"

ఆ తర్వాత ప్రతి మాత్రకూ అత్త వచ్చింది. ప్లేట్‌లెట్స్ పెరిగాయి. నా కొత్త చెప్పు కొరికిన రోజు దాన్ని తిట్టలేదు సరికదా, ముద్దు పెట్టుకున్నాను.

ఇప్పుడది ట్రాక్టర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఇంజనీరు ఇంట్లో ఉంది. కోస్తా వైపు నుంచి వచ్చిన కొత్త జంట. దానికి బుజ్జి అని పేరు కూడా పెట్టారు. ఇంట్లో జబ్బు కుక్క ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఖాళీ పళ్లేన్ని నమ్మకండి, మందు గొంతు దిగేదాకా పక్కనే కూర్చోండి.

వాళ్లు తీసుకెళ్లిన రోజు సాయంత్రం ఆ అమ్మాయి కంగారుగా ఫోన్ చేసింది. "ఆంటీ, అన్నం ముట్టుకోవట్లేదండీ. పళ్లెం ముందు కూర్చుని మా ముఖాలు చూస్తోంది."

అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "స్పీకర్ల వెట్టు బిడ్డా" అని, గట్టిగా "ఆమెన్" అంది. అటు నుంచి పళ్లెం కదిలిన చప్పుడు వినిపించింది.

ఇప్పుడు ఆ అమ్మాయి రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టి, బుజ్జి ముందు పళ్లెం పెట్టి, ఆమెన్ అంటుందట. ఆ వేళకు మా అత్త కూడా ఇక్కడి నుంచే ఒకటి అంటుంది, ఎందుకైనా మంచిదని.