ఉల్లిపొరలో గోడ చూపిన ఉస్తానీ

దబీర్‌పురాలో మా గల్లీ చివరి ఇంటి ఉస్తానీ చనిపోయారని తెలిసినప్పుడు నేను మిఠాయి పొట్లం పట్టుకుని ఆమె ఇంటికే బయలుదేరి ఉన్నాను. ఉస్తానీ అంటే మా దగ్గర ఆడపిల్లలకు చదువు చెప్పే అమ్మ. జట్కా తోలే పక్కింటాయన ఎదురై, “ఎటు పోతున్నవ్ అన్నా గంత ఖుషీగ? ఉస్తానీ తెల్లారంగ గుజర్ గయీ,” అన్నాడు. నేను అతని చేతిలో ఒక లడ్డూ పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. అతను దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

నా సంతోషం ఏమని చెప్పను! ముగ్గురు కొడుకుల తర్వాత, జుట్టు నెరిసే కాలంలో పుట్టిన నా బిడ్డ డాక్టరీ చదువుకు ఎంపికైంది. బర్రెలు పిండుకునే ఇంట్లో ఇంత భాగ్యమా అని రాత్రంతా నాకు నేనే నవ్వుకున్నాను. పొద్దున్నే ఆ మాట మొదట ఉస్తానీకి చెప్పాలి. అదొక్కటే నా కోరిక. చెప్పలేకపోయాను. ఇంటికి తిరిగొచ్చి బర్రెలకు కుడితి కలిపాను. చేతులు వాటి పని అవి చేశాయి. ఏడుపు రాలేదు.

ఆమె ముఖం నేను ఎన్నడూ చూడలేదు. పరదా పాటించే మనిషి. నాకు తెలిసింది గొంతు ఒక్కటే. కొంచెం బొంగురు గొంతు. ప్రతి మాట ముందు చిన్న దగ్గు. వాళ్ల గుమ్మం దగ్గర పాలు పోసి, పరదా ఇవతల నిలబడి గొంతు సవరించుకుంటే, “బోలో భాయ్, బర్రెలు మంచిగున్నయా? బిడ్డ చదువుతున్నదా?” అని లోపలి నుంచి వినిపించేది. బర్రెల సంగతి ముందు అడిగేది. అది నాకు మస్తు ఇష్టం.

ఒకనాడు పొద్దు గూకాక నా బిడ్డ ఆమె దగ్గర నుంచి పరుగున వచ్చి, “అమ్మా, ఉస్తానీ జర పెరుగు అడిగింది, పాఠానికి,” అన్నది. నా భార్య అప్పుడే గూట్లో దీపం పెట్టింది.

“దీపం పెట్టినంక పెరుగు ఇల్లు దాటదు. పొద్దుగాల తీస్కపో,” అన్నది.

“పాఠం ఇయ్యాలనే ఉన్నదే!”

“అయితే నీ పాఠాన్నే ఈడికి రమ్మను.”

ఎకసెక్కంగా అన్న మాట. కానీ కాసేపటికి బుర్ఖాలో ఉస్తానీ నిజంగానే వచ్చింది, చంకలో చెక్కపెట్టెతో. “పెరుగు ఇల్లు దాటకుంటే ఏంది, ఖుర్దుబీనే దాటి వస్తది,” అన్నది. ఖుర్దుబీన్ అంటే కంటికి ఆననివి పెద్దగా చూపే దుర్భిణి. నేను కొట్టంలో గోనెపట్టా చాటుకు తప్పుకున్నాను. అక్కడి నుంచే అంతా విన్నాను.

ముందు ఉల్లిపొర పెట్టింది. ఇది చెట్టుదా జంతువుదా అని అడిగితే నా బిడ్డ, “పచ్చ గింజలు లేవు, ఇది జంతువుదే,” అన్నది.

“పచ్చగ లేకుంటే చెట్టుది కాదా? ఉల్లిగడ్డ మట్టిల పెరిగె. ఎండ చూడనిదానికి ఎండను వండుకునే గింజలు ఎందుకు బేటీ? గది గదికీ గోడ చూడు, గోడ! జంతువుకు గోడ ఉండదు.”

తర్వాత నా భార్య చెంప లోపల పుల్లతో గీకి, అద్దం మీద పూసి, సిరా చుక్క వేసింది. “గోడ లేదు. ఉత్త పల్చటి పొర. నడుమ చుక్క ఉన్నది,” అన్నది బిడ్డ. మా ఆమె, “నా నోట్లె గోడ లేదని ఈ గల్లీల అందరికీ ఎరుకే,” అన్నది. ఉస్తానీ దగ్గు తెరలతో నవ్వింది. ఆఖరున పెరుగు. సన్నని పుల్లలు, చుక్కలు. ఎంత వెతికినా వాటి నడుమ ఆ చుక్క కనబడలేదట. “అందరి కొంప ఒక్కతీరు ఉండదు. పహ్లే దేఖో, ఫిర్ బోలో,” అన్నది ఉస్తానీ. ముందు చూడు, తర్వాత మాట్లాడు అని.

వెళ్లే ముందు, “భాయ్ కూడా చూడాలె,” అని తాను లోపలి గదిలోకి తప్పుకుంది. నేను వంగి చూశాను. పుట్టినప్పటి నుంచి తోడు పెడుతున్న పెరుగులో ఇంత సంత ఉందని ఆనాడే తెలిసింది. దండం పెట్టాను, పెరుగుకో ఆమెకో తెలియదు.

మొన్నటి పరీక్షలో రంగు లేని ముక్క ఒకటి పెట్టారట. “పక్కపొల్ల పచ్చదనం లేదని జంతువుది అని రాసింది బాపూ. నేను గోడ చూసిన,” అని నా బిడ్డ చెప్పింది. ఈ మాట కూడా ఉస్తానీకి వినిపించాలని నేను ఉవ్విళ్లూరాను.

ఆ సాయంత్రం గూట్లో దీపం వెలిగింది. చావింట్లో పొయ్యి రాజెయ్యరు కదా, పక్కిళ్ల వాళ్లు అన్నం పంపుతున్నారు. నా భార్య పెరుగు ముంత తీసి, మూత పెట్టి, బిడ్డ చేతికిచ్చింది.

“దీపం పెట్టినవు కదనే,” అన్నాను.

“ఆనాడు ఆమె దాటి వచ్చింది. ఇయ్యాల మనం దాటుదాం,” అన్నది.

ముగ్గురం వెళ్లాం. వాళ్లిద్దరూ లోపలికి పోయారు. నేను ఎప్పటిలాగే పరదా ఇవతల నిలబడ్డాను. కొంచెం గాలి వీచింది. పరదా కదిలింది.

నేను గొంతు సవరించుకున్నాను.