అంటార్కిటికా మట్టిని వండిన రోజు

పంతొమ్మిది వందల తొంభైల్లో మా అత్త బెల్లం వండే పొయ్యి పక్కనే నేను అంటార్కిటికా మట్టి వండేదాన్ని. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. చోడవరం నుంచి గోవాడ వెళ్లే దారిలో ఉన్న మా అత్తవారింటి పెరడే నా ప్రయోగశాల. కాలేజీలో బోటనీ పాఠాలు చెప్పుకుంటూ, మిగతా వేళల్లో పీహెచ్‌డీ చేసేదాన్ని. వైజాగ్‌లో మా గైడుగారి స్నేహితుడొకాయన అంటార్కిటికా వెళ్లి, అక్కడి మంచినీటి చెరువు అడుగు నుంచి మట్టి పట్టుకొచ్చారు. అందులో చిటికెన వేలంత సీసా నా వంతుకొచ్చింది. పెళ్లినాటి నగలు కూడా నేనంత పదిలంగా దాచుకోలేదు.

ఆ మట్టిలో నేను వెతికేది డయాటమ్‌ల కోసం. నీళ్లలో బతికే, కంటికి ఆనని నాచు అది. ఒంటి చుట్టూ గాజు పెంకు కట్టుకుంటుంది. పెంకు మీది సన్నని గీతలను బట్టే ఏది ఏ జాతో చెబుతాం. మట్టిని ఆసిడ్‌లో మరిగిస్తే చెత్తంతా పోయి ఆ గాజు మిగులుతుంది. ఆసిడ్ పొగ ఇంట్లో పెడితే అందరం ఆస్పత్రి పాలవుతాం కనుక కిరసనాయిలు స్టవ్ పెరట్లో పెట్టుకుని సగం మట్టి మరిగించాను. నాలుగడుగుల అవతల అత్త చెరుకు పిప్పి ఎగదోస్తూ బెల్లం వండుతోంది.

మర్నాడు కాలేజీ మైక్రోస్కోపులో చూశాను కదా, కాళ్లు నేల మీద నిలవలేదు. రెండు చివరలూ ఉబ్బి నడుము సన్నగా, బుడబుక్కలవాళ్ల డమరుకంలా ఉన్న గాజు ముక్కలు. ఎటు చూస్తే అటే. నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ అలాంటి డయాటమ్ బొమ్మ లేదు. వాటి మధ్య చిన్న చిన్న పడవల్లాంటివీ కనిపించాయి గానీ పడవలెవరిక్కావాలి, అవి లోకమంతా ఉంటాయి. కొత్త జాతి దొరికిందని ఇంటికొచ్చి అత్తకు చెప్పాను.

"తినీదేటి?" అంది ఆవిడ, పెనంలో తెడ్డు ఆపకుండా.

"కాదత్తా. ఇంతవరకూ ఎవరూ చూడనిది."

"అయితే నువ్వు బాగా సూడు" అంది.

ఆదివారం బస్సెక్కి గైడుగారి ఇంటికి స్లైడు పట్టుకెళ్లాను. ఆయన తన మైక్రోస్కోపులో చూసి, "ఏమ్మా, దీనికి గీతలేవి?" అన్నారు.

"మరీ సన్నగా ఉన్నాయేమో సార్."

"ఈ లెన్సు కింద కూడా కనపడనంత సన్నగానా? గీతలు లేనిది డయాటమ్ ఎలా అవుతుంది? అసలు ఎక్కడ మరిగించావు?"

మా పెరట్లోనేనని గొణిగి, స్లైడు తీసుకుని బయటపడ్డాను. తిరుగు బస్సులో చోడవరం దాకా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

పెరట్లో అడుగుపెట్టేసరికి అత్త పొయ్యిలోకి ఎండిన చెరుకు ఆకు తోస్తోంది. నుసి లేచి నా చీర మీద వాలింది. చెరుకు ఆకు చేతిని కోస్తుందని ఈ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎందుకు కోస్తుందో పాఠం చెప్పేదాన్ని నేనే. ఆకులో గాజు రవ్వలుంటాయి. అవి కాల్చినా పోవు, ఆసిడ్‌లో మరిగించినా పోవు. మర్నాడు చిటికెడు బూడిద కాలేజీకి పట్టుకెళ్లి స్లైడు చేసి చూస్తే డమరుకాలే డమరుకాలు. నా కొత్త జాతి మా పొయ్యిలోంచి ఎగిరొచ్చిన బూడిద. ఏడ్చేశాను.

ఏడుస్తూనే మళ్లీ కన్ను పెట్టాను. ఈ బూడిదలో పడవలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. గబగబా పాత స్లైడు తీసి, నేను లెక్కచెయ్యని ఆ పడవలను చూశాను. వాటికి గీతలున్నాయి. నడుమ ఒకవైపు మాత్రం గీతలు ఆగిపోయి చిన్న ఖాళీ ఉంది. పుస్తకాలన్నీ తిరగేశాను. అలాంటిది ఎవరూ గీయలేదు. కానీ డమరుకాల తర్వాత నా మాట ఎవరు నమ్ముతారు? మిగిలిన సగం మట్టిని బూడిద పడకుండా మరిగించి, అందులోనూ ఈ పడవలు చూపించాలి. అది పాడైతే ఇంక మట్టి లేదు. గైడుగారి ల్యాబులో మరిగిద్దామంటే అక్కడ అందరి డయాటమ్‌లూ ఉడుకుతుంటాయి, ఎవరి పడవ ఎవరిదో తేలదు. బెల్లం సీజను అయ్యేదాకా ఆగుదామంటే వాడని మట్టి వెంటనే వెనక్కిచ్చెయ్యమని అది తెచ్చినాయన దగ్గర్నుంచి కబురొచ్చింది.

అత్తనడిగాను, ఒక్క రోజు పొయ్యి ఆపమని.

"కొట్టిన సెరుకు ఆగుతాదేటే గుంటా? రసం పులిసిపోద్ది" అంది.

ఒళ్లు మండి అన్నం తినకుండా పడుకున్నాను. తెల్లారి ఆవిడే వచ్చి నిలబడింది. "ఉన్న సెరుకు ఈయాల ఆడించీస్తాం. రేపటికి కోత ఆపమని సెప్పేను. నీ మట్టి వొండుకో."

సీజను మధ్యలో ఆ పొయ్యి చల్లగా ఉండటం అప్పుడే చూశాను. నుసి లేవకుండా అత్త పెరడంతా నీళ్లు చల్లింది. స్టవ్ దగ్గరికి కోడిని కూడా రానివ్వలేదు.

పడవలు వచ్చాయి, దండిగా వచ్చాయి. గైడుగారు చాలాసేపు చూసి, తల ఎత్తకుండానే, "కొత్తదేనమ్మా, ఇక పేపరు రాయి" అన్నారు. ఆయన ఎదురుగానే ఎగిరి గంతేశాను. అప్పట్లో కొత్త జాతికి వర్ణన లాటిన్‌లో రాయాలి. తెలియని ఆ భాషను పాత వర్ణనలు చూసి కూడబలుక్కుంటూ, ఆనందంతో పిచ్చెక్కిపోయాను.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. కొత్త జాతికి సాక్ష్యంగా ఒక స్లైడు ఎప్పటికీ భద్రపరచాలి. ఎవరికి అనుమానమొచ్చినా దాన్నే చూడాలి. మేం ఎంచిన అందమైన పడవ పక్కనే ఒక డమరుకం కూర్చుని ఉంది. నా కొంగుకు అంటుకుని వచ్చినట్టుంది. ఇంకో స్లైడు చెయ్యమన్నారు గైడుగారు. మట్టి అయిపోయింది సార్ అన్నాను. పడవ చుట్టూ సిరాతో సున్నా చుట్టి, పక్కనున్నది చెరుకు బూడిదని కాగితం మీద రాసి, భద్రపరిచేవాళ్లకు అలాగే ఇచ్చేశాం.

ఈ సంగతి చెబితే అత్త ముఖం వెలిగిపోయింది. మా కోడలు మంచుదేశం మట్టిలో మన చెరుకు కనిపెట్టిందని ఊళ్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకొచ్చింది. తప్పు పాఠం వింటే తోక తొక్కిన పాములా లేచేదాన్ని, ఆవిడ మాటను మాత్రం ఒక్కసారి కూడా దిద్దలేదు.